హార్డ్‌వేర్ విష్ లిస్ట్ రాసుకోవడం ఎలా: పేర్ల చిట్టా నుంచి పనికొచ్చే చిట్టా దాకా

కొత్త గ్రాఫిక్స్ కార్డు విడుదలైన రోజే దాని పేరు చిట్టాకెక్కుతుంది. వారం తిరక్కుండానే ఒక ఓలెడ్ మానిటర్, దాని కింద ఒక మెకానికల్ కీబోర్డు, ఆ కిందే చేతిలో పట్టుకుని ఆడుకునే గేమింగ్ కన్సోల్. ఏడాది గడిచేసరికి నలభై పేర్లు పోగవుతాయి. వాటిలో సగం ఎందుకు రాశామో మనకే గుర్తుండదు. తీరా చేతిలో డబ్బు ఆడినప్పుడు ఆ చిట్టా ఏ సలహా ఇవ్వదు, నిన్న రాత్రి చూసిన రివ్యూ వీడియోలోని వస్తువే గెలుస్తుంది.

చిట్టా రాయడం మానమని కాదు. కొత్త వస్తువుల మీద మోజు ఉన్నవాళ్లకి చిట్టా రాసుకోవడమే సగం సరదా. కాకపోతే రాసే పద్ధతి తిరగేయాలి. వస్తువు పేరు అన్నిటికన్నా చివర రావాలి. దానికన్నా ముందు ఇబ్బంది ఏమిటో, దాన్ని ఎలా కొలిచామో, కొత్త వస్తువు ఇంట్లో ఉన్నవాటితో ఎక్కడ ముడిపడుతుందో రాసి ఉండాలి. అలా రాసిన చిట్టా పొడవు తగ్గుతుంది, అందులోంచి కొన్నది మూలన పడదు.

మొదటి అడుగు: విసుగు పుట్టిన చోట గుర్తు పెట్టుకోండి

ఫోన్‌లో ఒక నోట్ తెరవండి. రెండు మూడు వారాల పాటు కంప్యూటర్ ముందు చిరాకు పడ్డ ప్రతిసారీ ఒక్క వాక్యం రాయండి. ఏ వస్తువు పేరూ వద్దు, జరిగింది మాత్రమే. "ట్యాబులు ఎక్కువైతే మీటింగ్‌లో గొంతు తెగిపోతోంది." "ఫొటోల ఫోల్డర్ తెరిస్తే బొమ్మలు ఒక్కొక్కటే మెల్లగా వస్తున్నాయి." "సాయంత్రానికి కళ్లు మండుతున్నాయి." "ఛార్జర్ పెట్టడానికి రోజూ బల్ల కింద దూరాల్సి వస్తోంది."

ఈ నాలుగూ ఒక్క తీరువి కావు. చివరిదానికి కావలసింది ఒక పొడవాటి ఎక్స్‌టెన్షన్ బోర్డు, బల్ల అంచుకి అతికించే ఒక క్లిప్పు. కళ్ల మంటకి కొత్త మానిటర్ కావాలో, ఉన్నదాని వెలుతురు తగ్గించి కాస్త వెనక్కి జరిపితే చాలో ఇంకా తెలియదు. మొదటి రెండూ కొలవాల్సినవి. అంటే కొనుగోలు ఆలోచన ఇంకా మొదలవ్వనే లేదు, అప్పుడే ఒక సమస్య తీరిపోయింది.

మరి ఏ ఇబ్బందికీ జవాబు కాని వస్తువులు? ఊరికే కావాలనిపించేవి? వాటికి ఒక విడి పేజీ పెట్టి "సరదా" అని పేరు రాయండి. కోరికకి అవసరం అనే ముసుగు వేయడం కన్నా ఇది మేలు. ఆ పేజీ సంగతి తర్వాత చెబుతాను.

రెండో అడుగు: కొలవండి

విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ పేజీ తెరిచి ఉంచి, మీకు చిరాకు తెప్పించే పని మళ్లీ చేయండి. మ్యాక్‌లో యాక్టివిటీ మానిటర్, లినక్స్‌లో హెచ్‌టాప్ ఇదే పని చేస్తాయి.

డిస్క్ గ్రాఫు 100 శాతానికి అంటుకుని ఉండి, సెకనుకు చదివే వేగం మాత్రం ఒకటి రెండు ఎంబీ దగ్గర దేకుతుంటే అది హార్డ్‌డిస్క్ గుణం. చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ఫైళ్ల కోసం దాని ముల్లు అటూ ఇటూ తిరుగుతోంది. ఇలాంటి మెషీన్‌లో ప్రాసెసర్ మార్చినా పెద్దగా తేడా రాదు, తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ పెడితే మాత్రం కొత్త కంప్యూటర్ అనిపిస్తుంది. మెమరీ 90 శాతం దాటి, అదే సమయంలో డిస్క్ కూడా గిలగిల్లాడుతుంటే ర్యామ్ చాలక సరుకంతా డిస్క్ మీదికి వెళ్తోందన్నమాట. మ్యాక్‌లో ఎంత వాడారన్న అంకె కన్నా మెమరీ ప్రెషర్ గ్రాఫు రంగు చూడటమే మంచిది.

ప్రాసెసర్ విషయంలో చాలామంది బోల్తాపడే చోటు ఒకటుంది. మొత్తం వాడకం 12 లేదా 13 శాతమే చూపిస్తుంది, పని మాత్రం నత్తనడక. 8 థ్రెడ్ల (ఒకేసారి నడిచే పని వరసలు) ప్రాసెసర్‌లో ఒక థ్రెడ్ వాటా 12.5 శాతం. అంకె అక్కడే మేకు కొట్టినట్టు నిలబడితే ఒకే థ్రెడ్ నిండిపోయి మిగతావి ఖాళీగా ఉన్నాయని అర్థం. ఆ సాఫ్ట్‌వేర్‌కి 16 కోర్ల ప్రాసెసర్ తెచ్చినా ఒరిగేదేమీ లేదు. ఒక్కో కోర్ వేగంగా ఉన్నది కావాలి. చిట్టాలో "ఎక్కువ కోర్లు" అని రాసి ఉంటే ఇక్కడే దిద్దుకోండి.

ఆటల్లో పరీక్ష ఇంకా తేలిక. రెజల్యూషన్ తగ్గించి చూడండి. సెకనుకు వచ్చే ఫ్రేములు బాగా పెరిగితే గ్రాఫిక్స్ కార్డు మీదే భారం ఉంది. ఏమీ మారకపోతే ప్రాసెసరే అడ్డు, కొత్త కార్డు తెచ్చినా అక్కడే ఆగుతుంది.

ఇక డబ్బు ఖర్చు లేని తనిఖీలు. కొత్త హార్డ్‌వేర్ అనుకున్న చోట పాత సెట్టింగే దోషి అయిన సందర్భాలు లెక్కలేనన్ని. 144 హెర్ట్జ్ (తెర సెకనుకు 144 సార్లు మారే) మానిటర్ విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 60 దగ్గరే ఉండిపోయిందేమో చూడండి. ర్యామ్ పెట్టె మీద 6000 అని రాసి ఉన్నా, బయోస్‌లో (విండోస్‌కి ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ అనే ర్యామ్ వేగం సెట్టింగ్ ఆన్ చేసేదాకా అది తక్కువ వేగంలోనే నడుస్తుంది. ల్యాప్‌టాప్ వేడి హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో 95 డిగ్రీలు దాటి ప్రాసెసర్ గడియార వేగం పడిపోతుంటే ముందు ఫ్యాన్‌లో దుమ్ము తీయించి, థర్మల్ పేస్ట్ మార్పించండి. ఇంటర్నెట్ నెమ్మది అనిపిస్తే రౌటర్‌కి నేరుగా కేబుల్ పెట్టి వేగం చూడండి. కేబుల్‌తో బాగుండి వైఫైతో పడిపోతేనే రౌటర్ చిట్టాలోకి రావాలి.

మూడో అడుగు: ఒక్కో వస్తువుకి ఆరు గడులు

కొలిచాక నిలిచిన ఇబ్బందుల్ని స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించండి. ఒక వరుస నిండాక ఎలా ఉంటుందో చూపిస్తాను:

ఇబ్బంది: వీడియో ఎడిటింగ్‌లో టైమ్‌లైన్ జరిపినప్పుడల్లా బొమ్మ ఆగిపోతోంది.
కొలత: ఆ క్షణంలో హార్డ్‌డిస్క్ 100 శాతం. ప్రాసెసర్ 30 దాటలేదు, ర్యామ్‌లో ఇంకా 9 జీబీ ఖాళీ.
కావలసింది: 2 టీబీ ఎన్‌వీఎంఈ (బోర్డుకే నేరుగా గుచ్చే వేగమైన రకం) ఎస్‌ఎస్‌డీ, టీఎల్‌సీ రకం (ఎక్కువ రాతకి తట్టుకునేది), ఐదేళ్ల వారంటీ.
ముడి: రెండో ఎం.2 స్లాట్ (ఎస్‌ఎస్‌డీ గుచ్చే గాడి) ఖాళీగా ఉంది, కానీ దాని వేగం తరం పీసీఐఈ 3.0 మాత్రమే. దాన్ని వాడితే రెండు సాటా పోర్టులు (డిస్కులకి కేబుల్ తగిలించేవి) పనిచేయవని మదర్‌బోర్డు మాన్యువల్ చెబుతోంది. వాటిలో ఒకదానికి పాత డిస్క్ తగిలించి ఉంది, కేబుల్ మార్చాలి.
కొట్టేసే షరతు: ప్రాక్సీ ఫైళ్లు (ఎడిటింగ్ కోసం చేసుకునే చిన్న నకళ్లు) వాడితే ఇబ్బంది పోతే.
పేరు: ఖాళీ.

"ముడి" గడిలో రాసిన ఆ రెండు ముక్కల విలువ చూడండి. పీసీఐఈ 5.0 ఎస్‌ఎస్‌డీలు సెకనుకు 14,000 ఎంబీ దాకా చదువుతాయి. ఈ స్లాట్‌లో పెడితే 3,500 దగ్గర ఆగిపోతాయి. మాన్యువల్ తెరవని మనిషి ఆ పెద్ద అంకెకి డబ్బు కట్టి చిన్న అంకెతో సరిపెట్టుకుంటాడు. సాటా పోర్టుల సంగతైతే ఇంకా చికాకు. కొత్త డ్రైవ్ పెట్టగానే పాత డ్రైవ్ కనబడకుండా పోతుంది, అది చెడిపోయిందని కంగారు పడతారు.

"కొట్టేసే షరతు" అన్ని గడుల్లోకీ నాకు ఇష్టమైనది. ఏం జరిగితే ఈ వస్తువు అక్కర్లేదో ముందే రాసుకుంటే, ఆ రోజు వచ్చినప్పుడు మనసుతో వాదన ఉండదు.

నాలుగో అడుగు: ముడులు విప్పండి

హార్డ్‌వేర్‌లో ఏదీ ఒంటరిగా రాదు. ఒకటి కదిపితే నాలుగు కదులుతాయి. 4కే రెజల్యూషన్, 144 హెర్ట్జ్ మానిటర్ కావాలని రాశారనుకోండి. దాని వెనక ఏమేం లాక్కొస్తుందో లెక్క కట్టి చూద్దాం.

4కే అంటే 3840 బై 2160, దాదాపు 83 లక్షల పిక్సెళ్లు. సెకనుకు 144 సార్లు, ఒక్కో పిక్సెల్‌కి 24 బిట్లు. గుణిస్తే సెకనుకు సుమారు 28.7 గిగాబిట్లు. హెచ్‌డీఎంఐ 2.0 తీగలో బొమ్మకి దక్కేది 14.4 గిగాబిట్లే. డిస్‌ప్లేపోర్ట్ 1.4 లో 25.9. రెండూ చాలవు. డీఎస్‌సీ అనే కంప్రెషన్‌ని మానిటర్, కార్డు రెండూ సపోర్ట్ చేస్తే డిస్‌ప్లేపోర్ట్ 1.4 నెట్టుకొస్తుంది. లేదంటే 48 గిగాబిట్ల హెచ్‌డీఎంఐ 2.1 రెండు వైపులా ఉండాలి. పాత కార్డులో ఇవి లేకపోతే మానిటర్ కోసం కార్డు మార్చాలి. అంత రెజల్యూషన్‌లో ఆటలు ఆడాలన్నా కార్డు మార్చాలి. పెద్ద కార్డు వస్తే పవర్ సప్లై చాలదు. కార్డు పొడవు 33 సెంటీమీటర్లుంటే క్యాబినెట్‌లో పట్టకపోవచ్చు. మానిటర్ అనుకున్నది చివరికి సగం కంప్యూటర్ అయింది. అందుకని ఇలాంటి గొలుసుని చిట్టాలో ఒకే వరుసగా, మొత్తం ఖర్చుతో రాయండి. అలా రాశాక 27 అంగుళాల 1440పీ మానిటర్ చాలామందికి అందంగా కనబడటం మొదలవుతుంది. దానికి 144 హెర్ట్జ్ దగ్గర కూడా 13 గిగాబిట్ల లోపే సరిపోతుంది. కార్డు మీద పడే పిక్సెళ్లు కూడా 4కే లో సగం కన్నా తక్కువ.

ప్రాసెసర్ ముడి సాకెట్ (బోర్డు మీద అది కూర్చునే చోటు) దగ్గరుంటుంది. ఏఎండీ ఏఎం4 సాకెట్ ఈ విషయంలో అరుదైన ఉదాహరణ. 2017లో మొదటి రైజెన్ ప్రాసెసర్‌తో కొన్న చాలా బోర్డులు, బయోస్ అప్‌డేట్ చేశాక, 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ ప్రాసెసర్‌ని కూడా నడిపాయి. ఆ సాకెట్ ఉన్నవాళ్లు బోర్డు, ర్యామ్ మార్చకుండా ప్రాసెసర్ ఒక్కటే చిట్టాలో రాసుకోవచ్చు. 2022లో వచ్చిన ఏఎం5 డీడీఆర్5 తరం ర్యామ్‌తోనే పనిచేస్తుంది. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 బోర్డులు డీడీఆర్4, డీడీఆర్5 రెండు రకాల్లోనూ వచ్చాయి కాబట్టి బోర్డు పేరు చివర ఏముందో చూసి గానీ ర్యామ్ రాయకూడదు. రెండు ర్యాముల గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది, ఒకదాంట్లో ఇంకోటి దిగదు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా భాగాన్ని అడుగుతుంది. చాలా బోర్డుల్లో అది ఉండి కూడా బయోస్‌లో ఆపేసి ఉంటుంది. "కొత్త కంప్యూటర్" అని రాసే ముందు అక్కడ ఒకసారి తొంగిచూడండి.

పవర్ సప్లై గురించి రివ్యూలు తక్కువ, పట్టించుకునేవాళ్లు ఇంకా తక్కువ. ఏనుగుని కొని అంకుశం దగ్గర వెనకాడినట్టు, ఖరీదైన కార్డు తెచ్చి ఊరూ పేరూ లేని సప్లై తగిలిస్తారు. ప్రాసెసర్ గరిష్ఠ వాట్లు, కార్డు వాట్లు, మిగతావాటికి ఒక వంద కలిపి, ఆ మొత్తం సప్లై సామర్థ్యంలో అరవై డెబ్బై శాతం దాటకుండా చూసుకోండి. 80 ప్లస్ గోల్డ్, ప్లాటినం అనే ముద్రలు కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెబుతాయి, లోపలి విడిభాగాల నాణ్యతకి హామీ కాదు. ఇంకో మాట: మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీయగల) సప్లై మారిస్తే దాని కేబుళ్లన్నీ మార్చండి. సప్లై వైపు పిన్నుల అమరికకి ఉమ్మడి ప్రమాణం లేదు. పాత కేబుల్ కొత్త సప్లైలో చక్కగా దిగుతుంది, డ్రైవుల్ని కాల్చేస్తుంది. కొత్త కార్డుల 12 వోల్టుల సన్న కనెక్టర్‌ని కూడా పూర్తిగా లోపలికి దిగేదాకా నొక్కాలి, సగం దిగితే కరిగే ప్రమాదం ఉంది.

అయిదో అడుగు: ఏ అంకె చూడాలి, ఏది వదిలేయాలి

"కావలసింది" అనే గడి నింపడానికి ఇది.

ఎస్‌ఎస్‌డీ: పెట్టె మీది పెద్ద అంకె పెద్ద ఫైలు ఒకటే వరసగా చదివినప్పటిది. సాటా రకం 550 ఎంబీ దగ్గర ఆగుతుంది, పీసీఐఈ 4.0 రకం 7,000 దాకా పోతుంది. కానీ విండోస్ తెరుచుకోవడంలో, బ్రౌజర్ వాడకంలో ఆ తేడా చేతికి తెలియడం కష్టం. తెలిసేది రాతలో. ఒక్కో సెల్‌లో టీఎల్‌సీ కన్నా ఎక్కువ బిట్లు ఇరికించే క్యూఎల్‌సీ డ్రైవులు మొదట వేగంగా రాసుకుంటాయి, లోపలి క్యాష్ నిండగానే కొన్ని సాటా ఎస్‌ఎస్‌డీల కన్నా వెనకబడతాయి. ఆటలు, సినిమాలు దాచుకోవడానికి క్యూఎల్‌సీ చాలు. వందల జీబీలు రోజూ రాసేవాళ్లు టీఎల్‌సీ రాసుకోవాలి. 1 టీబీ డ్రైవ్ విండోస్‌లో 931 జీబీగా కనబడటం మోసం కాదు, తయారీదారు వెయ్యితో, విండోస్ 1024తో లెక్కించడం వల్ల వచ్చే తేడా.

ర్యామ్: ఒకే 32 జీబీ స్టిక్ కన్నా రెండు 16లు మంచివి, రెండు ఛానెళ్లూ పనిచేస్తాయి. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్న మెషీన్లలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. డీడీఆర్5లో మాత్రం "ఇప్పుడు రెండు, తర్వాత ఇంకో రెండు" అనుకోకండి. నాలుగు స్టిక్కులు పెడితే చాలా బోర్డుల్లో వేగం తగ్గించుకోవాల్సి వస్తుంది. ఎంత కావాలో తేల్చుకుని ఒకేసారి రెండుగా తీసుకోవాలి.

మానిటర్: రోజుకి ఎనిమిది గంటలు చూసేది దాన్నే, కాబట్టి చిట్టాలో దానికి పెద్దపీట వేయమంటాను. మొదట చూడాల్సింది అంగుళానికి పిక్సెళ్లు. 24 అంగుళాల 1080పీలో 92, 27 అంగుళాల 1440పీలో 109, అదే 27లో 4కే అయితే 163. రోజంతా అక్షరాలు చదివేవాళ్లకి ఇక్కడ పెట్టే డబ్బు వృథా కాదు. తర్వాత హెర్ట్జ్. 60 దగ్గర ఒక్కో ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లు, 144 దగ్గర 6.9, 240 దగ్గర 4.2. మొదటి గెంతులో దాదాపు 10 మిల్లీసెకన్లు ఆదా, రెండో దానిలో మూడు కూడా లేదు. పోటీల్లో ఆడేవాళ్లకి తప్ప ఆ రెండో గెంతు అంత అవసరం లేదని నా అభిప్రాయం. ప్రతి పిక్సెల్ తనంతట తానే వెలిగే ఓలెడ్ తెర నలుపు ముందు ఏదీ నిలబడదు, ఒప్పుకుంటాను. కానీ టాస్క్‌బార్, ఎడిటర్ లాంటి కదలని బొమ్మలు ఏళ్ల తరబడి ఉంటే మచ్చ పడే అవకాశం ఉంది, సన్నటి అక్షరాల అంచుల్లో రంగు మరకలు కూడా కొన్ని ప్యానెళ్లలో కనబడతాయి. కోడింగ్‌కి ఐపీఎస్ (ఎల్‌సీడీలో ఒక రకం), సినిమాలకీ ఆటలకీ ఓలెడ్. ఓలెడే కావాలనుకుంటే మచ్చలకి వారంటీ వర్తిస్తుందని రాతపూర్వకంగా ఉన్నదే చూడండి. పెట్టె మీద "హెచ్‌డీఆర్ 400" అని ఉంటే దాన్ని లెక్కలోకే తీసుకోకండి.

గ్రాఫిక్స్ కార్డు: ఇప్పుడు కార్డులోనే ఉండే మెమరీ, అంటే వీర్యామ్‌దే రాజ్యం. ఇంట్లోనే ఏఐ మోడళ్లు నడపాలనే ముచ్చట ఉన్నవాళ్లకి లెక్క సులువు. 700 కోట్ల పరామీటర్ల (మోడల్ నేర్చుకున్న అంకెలు) మోడల్‌ని 16 బిట్లలో పెడితే 14 జీబీ, 4 బిట్లకి కుదిస్తే 3.5 జీబీ, దానికి తోడు సంభాషణ పొడవుని బట్టి ఒకటి రెండు జీబీలు. 7,000 కోట్లదైతే 4 బిట్లలో కూడా 35 జీబీ, 24 జీబీ కార్డులో పట్టదు. ఏ సైజు మోడల్ కావాలో ముందు అనుకుంటే కార్డు దానంతటదే తేలిపోతుంది.

కీబోర్డులో స్విచ్చులే కీలకం. ఎరుపు రకం సాఫీగా దిగుతుంది, గోధుమరంగుది మధ్యలో చిన్న తట్టు ఇస్తుంది, నీలం టకటకలాడుతుంది, పక్కన పనిచేసేవాళ్లుంటే నీలం వద్దు. హాట్‌స్వాప్ ఉన్నది తీసుకుంటే నచ్చకపోయినా స్విచ్చులు పీకి మార్చుకోవచ్చు. మౌస్‌కి చేతిలో ఎలా అమరుతుందో, బరువెంతో చూస్తే చాలు, 30,000 డీపీఐ (కదలికని పసిగట్టే సూక్ష్మత) లాంటివి ప్రకటనల కోసమే.

ల్యాప్‌టాప్ రాస్తుంటే

డెస్క్‌టాప్‌లో తప్పిన లెక్కని తర్వాత దిద్దుకోవచ్చు, ల్యాప్‌టాప్‌లో కుదరదు. అందుకని వరుస మారుతుంది: తర్వాత మార్చలేనివి ముందు. స్క్రీన్, కీబోర్డు, ప్రాసెసర్, సన్నటి మోడళ్లలో బోర్డుకే అతికించిన ర్యామ్. 2020లో ఎం1 వచ్చిన దగ్గర్నుంచి యాపిల్ సొంత చిప్ మ్యాక్‌బుక్‌లలో ర్యామ్ పెంచుకునే దారి లేదు. ఎస్‌ఎస్‌డీ మాత్రం విండోస్ ల్యాప్‌టాపుల్లో చాలావరకు మార్చుకోవచ్చు, కాబట్టి అక్కడ తక్కువతో సరిపెట్టి ర్యామ్‌కి డబ్బు మళ్లించండి.

గ్రాఫిక్స్ పేరు చూసి మురిసిపోకండి. డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4070లో 12 జీబీ, అదే పేరున్న ల్యాప్‌టాప్ చిప్‌లో 8 జీబీ. పైగా ఒకే చిప్‌కి ఒక కంపెనీ 60 వాట్లిస్తే ఇంకో కంపెనీ 115 ఇస్తుంది. ఆ వాట్ల అంకె దొరకని మోడల్‌ని చిట్టాలోకి రానివ్వకండి.

ఆరో అడుగు: చిన్న వస్తువుల పేజీ

చిట్టాలో ఎవరూ రాయనివి, రోజూ చేతికి తగిలేవి ఇవే. యూఎస్‌బీ సీ అన్నది మొనకున్న ఆకారం మాత్రమే, లోపల ఏముందో అది చెప్పదు. 100 వాట్లు మోసే ఛార్జింగ్ కేబుల్ డేటాని 480 మెగాబిట్ల దగ్గరే మోయొచ్చు, అది 2000 నాటి యూఎస్‌బీ 2.0 వేగం. 2023లో ఐఫోన్ 15కి సీ పోర్టు వచ్చినా మామూలు మోడల్‌లో వేగం అదే, ప్రోలో 10 గిగాబిట్లు. అందుకని చిట్టాలో "యూఎస్‌బీ సీ కేబుల్" అని రాయకుండా "40 గిగాబిట్లు, 100 వాట్లు, ఒక మీటరు" అని రాయండి. కొన్నాక తోకకి ఒక కాగితం అంటించి అవే అంకెలు వేయండి.

పవర్ బ్యాంకుల మీది ఎంఏహెచ్ లోపలి సెల్ వోల్టేజ్ దగ్గర లెక్క. 20,000 ఎంఏహెచ్‌ని 3.7 వోల్టులతో గుణిస్తే 74 వాట్ అవర్లు. 5 వోల్టుల దగ్గర అది 14,800, మార్పిడిలో పోయేది తీసేస్తే ఇంకా తక్కువ. విమానాల్లో మామూలుగా 100 వాట్ అవర్ల దాకా చేతి సంచిలో అనుమతిస్తారు, కాబట్టి ప్రయాణాలున్నవాళ్లు 27,000 ఎంఏహెచ్ దాటి చూడనక్కర్లేదు.

యూపీఎస్ విషయంలో వీఏ వేరు, వాట్లు వేరు. 1000 వీఏ పెట్టె 600 వాట్లే ఇవ్వొచ్చు. వాట్ల అంకెతోనే పోల్చుకోండి. బ్యాకప్ కోసం రెండు డిస్కుల నాస్ (ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించే డిస్క్ పెట్టె) రాస్తుంటే, రెయిడ్ (రెండు డిస్కుల్లోనూ ఒకటే రాసే పద్ధతి) బ్యాకప్ కాదని పక్కనే రాసుకోండి. డిస్క్ పోతే అది కాపాడుతుంది, మీరే పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ పోతుంది. ఇంటి బయట ఇంకో కాపీ ఉండాల్సిందే, దానికయ్యే డిస్క్ కూడా చిట్టాలో చేరాలి.

సరదా పేజీ

రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్), త్రీడీ ప్రింటర్, చేతిలో పట్టే కన్సోల్, ఈ-ఇంక్ (కాగితంలా కనబడే తెర) నోట్‌ప్యాడ్. వీటిని కొలతలతో చంపేయకండి. ఒక్క నియమం చాలు: వచ్చిన మొదటి వారంలో దానితో చేసే పనేమిటో ఒక వాక్యంలో రాయగలగాలి. "రాస్ప్‌బెర్రీ పై 5తో ఇంట్లో ప్రకటనలు అడ్డుకునే డీఎన్‌ఎస్ సర్వర్" అన్నది వాక్యం. రాసేసరికి ఆ పనికి పై 5 ఎక్కువని, పాత పై 3 గానీ, అటక మీదున్న పాత ల్యాప్‌టాప్ గానీ చాలని కూడా తడుతుంది. "పైతో ఏదైనా చేద్దాం" అన్నది వాక్యం కాదు. తోకలు కూడా లెక్కలో వేయండి. పై 5కి 5 వోల్టులు, 5 యాంపుల ఛార్జర్, కూలర్, మంచి మెమరీ కార్డు కావాలి. ప్రింటర్‌కి ఫిలమెంట్ చుట్టలు, దాన్ని తేమ తగలకుండా దాచే డబ్బా, గాలి ఆడే చోటు కావాలి.

మొత్తం బడ్జెట్‌లో ఈ పేజీకి ఒక చిన్న వాటా ముందే విడదీసి పెట్టేస్తే, తక్కిన చిట్టాతో దీనికి తగువుండదు.

ఏడో అడుగు: వరుస పెట్టడం, సమయం చూడటం

ఇప్పుడు వరుస. మొదట డేటాని కాపాడేవి, అంటే బ్యాకప్ డిస్క్, కరెంటు నిలకడ లేని చోట యూపీఎస్. తర్వాత రోజూ ఎక్కువ గంటలు తగిలే ఇబ్బందులు. ఆ తర్వాతే వేగం. గొలుసుగా ముడిపడ్డవాటిలో పునాది వస్తువు ముందు రావాలి. రేపు పెద్ద కార్డు అనుకుంటే ఈ రోజు కొనే పవర్ సప్లై దానికి సరిపడా ఉండాలి.

వస్తువు పేరు రాసే గడి కొనబోయే వారంలోనే నింపండి. అంతకన్నా ముందు రాస్తే పాతబడుతుంది. ఎన్విడియా తరాలు సుమారు రెండేళ్లకోసారి మారుతున్నాయి, 30 సిరీస్ 2020లో, 40 సిరీస్ 2022లో, 50 సిరీస్ 2025 జనవరిలో వచ్చాయి. ఏటా జనవరిలో సీఈఎస్, మే నెలాఖరు లేదా జూన్‌లో తైపేలో కంప్యూటెక్స్ అనే టెక్ ప్రదర్శనలు జరుగుతాయి. వాటికి రెండు వారాల ముందు పెద్ద కొనుగోలు ఆపుకోవడం నష్టం కాదు. అలాగని ఆగితే ధర తగ్గుతుందని ప్రతిసారీ నమ్మలేం. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీకి ర్యామ్ ధరలు అమాంతం ఎగబాకాయి, ఆగినవాళ్లే చేతులు కాల్చుకున్నారు. ఇబ్బంది నిజమైనదై, కొలత కూడా అదే చెబుతుంటే తీసేసుకోండి.

వాడినవి కొనాలనుకుంటే అన్నీ ఒక్కటి కాదు. ప్రాసెసర్, ర్యామ్, క్యాబినెట్ నిశ్చింతగా చూడొచ్చు. గ్రాఫిక్స్ కార్డుని అరగంట పూర్తి భారంతో నడిపి చూశాకే. ఎస్‌ఎస్‌డీ అయితే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో ఆరోగ్య శాతం, రాసిన మొత్తం టీబీలు చూపించమనండి. వాడిన పవర్ సప్లై, బ్యాటరీ ఉన్న ఏ వస్తువైనా వద్దు.

ఎనిమిదో అడుగు: పెట్టె విప్పిన వారం

వాపసు గడువు ముగిసేలోపు పరీక్షలు పూర్తి చేయాలి. ర్యామ్ అయితే మెమ్‌టెస్ట్86 ఒక రాత్రంతా, ఒక్క ఎర్రర్ వచ్చినా వెనక్కే. మెమరీ కార్డు, పెన్ డ్రైవ్ అయితే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ గానీ, మ్యాక్, లినక్స్‌లలో ఎఫ్3 గానీ పెట్టి చివరి జీబీ దాకా రాయించండి, సామర్థ్యం అబద్ధం చెప్పే నకిలీలు ఇక్కడే దొరికిపోతాయి. మానిటర్ మీద తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటీ తెర నిండా పెట్టి చచ్చిన పిక్సెళ్లు వెతకండి, డిస్‌ప్లే సెట్టింగుల్లో పూర్తి హెర్ట్జ్ కనబడుతోందో లేదో చూడండి. ఎన్‌వీఎంఈ డ్రైవ్ ఏ పీసీఐఈ తరంలో నడుస్తోందో కూడా క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోయే చెబుతుంది.

అవి అయ్యాక చిట్టా తెరిచి, రెండో గడిలోని పాత కొలత ఏ పనితో తీశారో అదే పని మళ్లీ చేసి కొత్త అంకె పక్కన రాయండి. ఇబ్బంది పోలేదంటే వస్తువు బాగానే ఉన్నా వెనక్కి పంపండి, ఆ వరుసలో కొలత దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టండి. పోయిందంటే బిల్లు ఫొటో, సీరియల్ నంబర్, వారంటీ ముగిసే తేదీ అదే వరుస చివర చేర్చి, కొనేసినవాటి పేజీలోకి మార్చండి.